క్లౌడ్‌స్టాక్: వీఆర్ (వర్చువల్ రూటర్) "రన్నింగ్" అంటోంది, కానీ ఒక హోస్ట్‌లో సగం వీఎమ్‌లకే ఐపీ వస్తోంది

కొత్త_అడ్మిన్

సెటప్ ఇదీ. క్లౌడ్‌స్టాక్ (సొంత క్లౌడ్ నడిపే సాఫ్ట్‌వేర్) 4.19, వీఎమ్‌లను (వర్చువల్ యంత్రాలను) మోసే కేవీఎమ్ హోస్టులు మూడు, అడ్వాన్స్‌డ్ జోన్, వీల్యాన్ ఐసొలేషన్ (ఒకే తీగ మీది నెట్‌వర్కులను నంబర్ల ట్యాగులతో విడదీయడం), సెక్యూరిటీ గ్రూపులు (వీఎమ్‌లకు తగిలించే ఫైర్‌వాల్ రూల్స్) లేవు. మేనేజ్‌మెంట్, స్టోరేజి క్లౌడ్‌బీఆర్0 బ్రిడ్జి (హోస్ట్ లోపలి సాఫ్ట్‌వేర్ స్విచ్) మీద. గెస్ట్, పబ్లిక్ ట్రాఫిక్ క్లౌడ్‌బీఆర్1 మీద. క్లౌడ్‌బీఆర్1 కింద బాండ్1 (పోర్టులను ఒకటిగా కట్టిన జట్టు) ఉంది, అందులో రెండు 10 గిగాబిట్ పోర్టులు. గెస్ట్ వీల్యాన్లు 300–399.

ఇబ్బంది పెడుతున్నది 10.1.1.0/24 ఐసొలేటెడ్ నెట్‌వర్క్, దానికి దక్కిన వీల్యాన్ 312. దానికి ఐపీలిచ్చే, బయటికి దారి చూపే వర్చువల్ రూటర్ (వీఆర్) ఆర్-27-వీఎమ్ హోస్ట్-1 మీద ఉంది. హోస్ట్-1, హోస్ట్-2 మీది వీఎమ్‌లన్నీ బాగానే ఉన్నాయి. కొత్తగా చేర్చిన హోస్ట్-3లో నాలుగు వీఎమ్‌లుంటే రెండింటికి ఐపీ వస్తోంది, రెండింటికి రావడం లేదు. ఎన్నిసార్లు రీబూట్ చేసినా అవే రెండు.

నెట్‌వర్క్‌ను "క్లీన్ అప్"తో రెండుసార్లు రీస్టార్ట్ చేశాను. మొదటిసారి కొత్త వీఆర్ హోస్ట్-3 మీద లేచింది. అప్పుడు హోస్ట్-3 వీఎమ్‌లన్నిటికీ ఐపీ వచ్చింది గానీ హోస్ట్-2లో ఒకదానికి పోయింది. రెండోసారి వీఆర్ మళ్లీ హోస్ట్-1కి చేరింది, మళ్లీ మొదటి కథే. రెండు పోర్టుల్లోనూ 300–399 అనుమతించామని స్విచ్ చూసేవాళ్లు అంటున్నారు. ఎక్కడ వెతకాలి?

నిదానం

ముందు ఆ క్లీన్ అప్ బటన్ జోలికి పోకండి. అది పాత వీఆర్‌ను తీసేసి కొత్తదాన్ని పుట్టిస్తుంది. పాతదాంట్లోని లాగ్‌లూ లీజులూ పోతాయి, కొత్తది వేరే హోస్ట్ మీద లేవొచ్చు. చోటు మారినందువల్ల లక్షణం మారితే "రీస్టార్ట్‌తో బాగైంది" అనిపిస్తుంది, అసలు తప్పు ఉన్నచోటే ఉంటుంది.

అయితే ఆ రెండు రీస్టార్టులూ మీకు ఒక మేలు చేశాయి. వీఆర్ ఏ హోస్ట్ మీద ఉంటే ఆ హోస్ట్‌లోని వీఎమ్‌లు బాగుంటున్నాయి, హోస్ట్-3కీ మిగతావాటికీ మధ్య దాటాల్సి వచ్చినప్పుడే తెగుతోంది. అంటే వీఆర్‌లోని డీఎన్ఎస్‌మాస్క్ (ఐపీలు పంచే సేవ) గురించి, ఐపీటేబుల్స్ (ఫైర్‌వాల్) గురించి ఇప్పుడు తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. హోస్ట్-3 నుంచి బయటికి వెళ్లే దారి చూడాలి.

ఇంకో ప్రశ్న. హోస్ట్-3 మీద వేరే గెస్ట్ నెట్‌వర్క్ ఏదైనా ఉందా? దాని వీల్యాన్ నంబరెంత?

కన్సోల్_పక్షి

డీహెచ్‌సీపీ (ఐపీ అడిగి తీసుకునే పద్ధతి) జవాబులో యూడీపీ చెక్‌సమ్ (ప్యాకెట్ చెడిందో లేదో తేల్చే లెక్క) తప్పుగా ఉండి వీఎమ్ పారేస్తోందేమో. విర్ట్ఐఓ (వీఎమ్‌ల వర్చువల్) కార్డుల్లో చెక్‌సమ్ ఆఫ్‌లోడ్ (లెక్కను కార్డుకు వదిలేయడం) వల్ల పాత డీహెచ్‌సీపీ క్లయింట్లకు ఇది జరుగుతుంది. వీఆర్‌లో మ్యాంగిల్ టేబుల్, పోస్ట్‌రౌటింగ్ చైన్‌లో పోర్ట్ 68కి చెక్‌సమ్-ఫిల్ రూల్ ఉందో లేదో చూడండి.

ప్యాకెట్_పురుగు

ఆ జబ్బు నిజమే, ఇక్కడ అతకదు. చెక్‌సమ్ లెక్కించకుండా వదిలేసే ఇబ్బంది ఎక్కువగా ఒకే హోస్ట్ మీద వీఆర్, వీఎమ్ పక్కపక్కనే ఉన్నప్పుడు కనిపిస్తుంది. ప్యాకెట్ తీగ ఎక్కితే కార్డే చెక్‌సమ్ పూర్తి చేస్తుంది. ఇక్కడ సరిగ్గా తలకిందులుగా ఉంది, ఒకే హోస్ట్‌లో ఉన్నప్పుడే పనిచేస్తోంది. పైగా నాలుగు వీఎమ్‌లూ ఒకే టెంప్లేట్ అయితే సగానికే ఎందుకు వస్తుంది?

కొత్త_అడ్మిన్ గారూ, ఆ నాలుగు వీఎమ్‌ల మ్యాక్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు) అడ్రసుల చివరి జత అంకెలు, వీఆర్ గెస్ట్ కార్డు మ్యాక్ చివరి జత ఇక్కడ పెట్టండి. హోస్ట్ మీద "వర్ష్ డోమ్‌ఐఎఫ్‌లిస్ట్" అని కొట్టి వీఎమ్ పేరిస్తే మ్యాక్, వీనెట్ (వీఎమ్ కార్డుకు హోస్ట్ వైపు కొస) పేరు, అది ఏ బ్రిడ్జిలో ఉందో మూడూ ఒక్క వరుసలో వస్తాయి.

తీగలాగు

అవి వచ్చేలోపు ప్యాకెట్‌ను మెట్టు మెట్టుగా వెంబడించండి. ఐపీ రాని వీఎమ్‌ను ఒకటి తీసుకుని దాంట్లో డీహెచ్‌సీపీ క్లయింట్‌ను ఆడిస్తూ, హోస్ట్-3 మీద ప్యాకెట్లను చూపే టీసీపీడంప్‌ను -ఎన్, -ఈ ఆప్షన్లతో ఈ వరుసలో పెట్టండి:

మొదట వీఎమ్ వీనెట్ మీద, ఫిల్టర్ "పోర్ట్ 67 ఆర్ పోర్ట్ 68". డిస్కవర్ (ఐపీ కావాలని వీఎమ్ వేసే తొలి కేక) కనిపించకపోతే తప్పు వీఎమ్ లోపలే.

తర్వాత బాండ్1.312 మీద అదే ఫిల్టర్. వీనెట్‌లో కనిపించి ఇక్కడ కనిపించకపోతే హోస్ట్ బ్రిడ్జి మింగుతోంది. బ్రిడ్జి పేరు బీఆర్‌బాండ్1-312 అని ఉండాలి. వీల్యాన్ వాడే గెస్ట్ నెట్‌వర్క్‌కు క్లౌడ్‌స్టాక్ "బీఆర్", కింది కార్డు పేరు, గీత, వీల్యాన్ నంబరు కలిపి బ్రిడ్జి కడుతుంది. వీఎమ్‌లు నేరుగా క్లౌడ్‌బీఆర్1లో కనబడవు, కంగారు పడకండి.

ఆపైన బాండ్‌లోని రెండు కార్డుల మీదా విడివిడిగా. ఇక్కడ ప్యాకెట్‌కు ట్యాగ్ ఉంటుంది కాబట్టి ఫిల్టర్‌లో "వీల్యాన్ 312 అండ్" అని ముందు రాసి, తర్వాతే పోర్ట్ నంబర్లు రాయాలి. ఆ మాట మరిచిపోయి "ప్యాకెట్లే లేవు" అనుకునేవాళ్లు చాలామంది.

చివరగా హోస్ట్-1 మీద బాండ్1.312లో, ఆ తర్వాత వీఆర్ వీనెట్‌లో.

వీఆర్ లోపలికి వెళ్లాలంటే అది నడుస్తున్న హోస్ట్ నుంచే వెళ్లాలి. /రూట్/.ఎస్ఎస్‌హెచ్/ఐడీ_ఆర్ఎస్ఏ.క్లౌడ్ అనే తాళంతో, పోర్ట్ 3922కి, వీఆర్ లింక్-లోకల్ ఐపీకి ఎస్ఎస్‌హెచ్ చేయాలి. ఆ 169.254 ఐపీ యూఐలో రూటర్ వివరాల్లో ఉంటుంది. పోర్ట్ 22కి కొడితే తలుపు తెరుచుకోదు. ఐసొలేటెడ్ నెట్‌వర్క్ వీఆర్‌లో ఈత్0 గెస్ట్, ఈత్1 కంట్రోల్, ఈత్2 పబ్లిక్. వీపీసీ (ఒకే వీఆర్ కింద చాలా నెట్‌వర్కులు, వాటినే టియర్లు అంటారు) వీఆర్‌లో వరుస వేరు: ఈత్0 కంట్రోల్, ఈత్1 పబ్లిక్, టియర్లు ఈత్2 నుంచి. ఇది కలగాపులగమైతే తప్పు కార్డు మీద గంటలు గడిచిపోతాయి.

కొత్త_అడ్మిన్

హోస్ట్-3 వీఎమ్‌ల మ్యాక్ చివరి జతలు: 11, 17, 14, 22. ఐపీ వస్తున్నవి 11, 17. రానివి 14, 22. వీఆర్ గెస్ట్ కార్డు చివరి జత 03.

14 వీఎమ్ మీద టీసీపీడంప్: వీనెట్‌లో డిస్కవర్ ఉంది. బాండ్1.312లో ఉంది. బాండ్‌లోని మొదటి కార్డులో లేదు, రెండో కార్డులో ఉంది. హోస్ట్-1లో ఎక్కడా లేదు. 11 వీఎమ్ డిస్కవర్ మాత్రం మొదటి కార్డులోంచి వెళ్లి హోస్ట్-1 చేరుతోంది, ఆఫర్ (వీఆర్ ఇచ్చే జవాబు) తిరిగి వస్తోంది.

హోస్ట్-3 మీద వీల్యాన్ 304తో ఇంకో నెట్‌వర్క్ ఉంది. అందులో వీఎమ్‌లన్నిటికీ ఐపీ వచ్చింది, కాకపోతే పింగ్ అప్పుడప్పుడూ కొన్ని సెకన్లు ఆగుతోంది. అది వేరే సమస్య అనుకుని రాయలేదు.

ఇంకో వింత. ఐపీ వచ్చిన 11 వీఎమ్ నుంచి గేట్‌వే 10.1.1.1కి పింగ్ పోతోంది. కానీ హోస్ట్-1లోని ఒక వీఎమ్‌కు పోతోంది, ఇంకోదానికి పోవడం లేదు.

ప్యాకెట్_పురుగు

బేసి మ్యాక్‌లకు వస్తోంది, సరి మ్యాక్‌లకు రావడం లేదు. ఇది బాండ్ లెక్క.

బాండ్ హ్యాష్ పాలసీ (ఏ ప్యాకెట్ ఏ కార్డులో పోవాలో తేల్చే లెక్క) "లేయర్2" అయితే (ఏమీ చెప్పకపోతే అదే డిఫాల్ట్) కెర్నల్ పంపేవాడి మ్యాక్ చివరి బైట్‌నూ అందుకునేవాడి మ్యాక్ చివరి బైట్‌నూ ప్యాకెట్ టైప్‌నూ ఎక్సార్ (బిట్లు ఒకటైతే 0, వేరైతే 1) చేసి, కార్డుల సంఖ్యతో భాగిస్తుంది. శేషం ఎంతో ఆ కార్డు. రెండు కార్డులుంటే సరి-బేసి ఒక్కటే తేలుస్తుంది. ఐపీవీ4, ఏఆర్‌పీ (ఐపీకి మ్యాక్ వెతికే పద్ధతి) టైప్ నంబర్లు రెండూ సరి కాబట్టి అవి ఫలితాన్ని మార్చవు.

డిస్కవర్ బ్రాడ్‌కాస్ట్ (అందరికీ వెళ్లేది). దాని గమ్యం మ్యాక్ అన్నీ ఎఫ్‌లే, అంటే బేసి. పంపేవాడు బేసి అయితే ఎక్సార్ సరి, సరి అయితే ఎక్సార్ బేసి. అలా 11, 17 ఒక కార్డు పట్టుకున్నాయి, 14, 22 రెండోది పట్టుకున్నాయి. రెండో కార్డు వెళ్లే స్విచ్ పోర్టు వీల్యాన్ 312ను పారేస్తోంది.

ఇదే లెక్క మీ వింతకూ సరిపోతుంది. 11 నుంచి వీఆర్ 03కి: బేసి, బేసి, ఫలితం సరి, మంచి కార్డు. హోస్ట్-1లో పింగ్ పోని వీఎమ్ మ్యాక్ చూడండి, సరి అయి ఉంటుంది. బేసి నుంచి సరికి వెళితే చెడ్డ కార్డు తగులుతుంది. హెక్స్ అంకెల్లో ఎ, సి, ఇ సరి. బి, డి, ఎఫ్ బేసి.

ఇక /ప్రోక్/నెట్/బాండింగ్/బాండ్1 ఫైలు మూడు హోస్టుల్లోనూ చదివి, బాండింగ్ మోడ్ ఏమంటుందో చెప్పండి.

కొత్త_అడ్మిన్

మీరన్నట్టే, పింగ్ పోని వీఎమ్ మ్యాక్ చివరి జత 08.

హోస్ట్-1, హోస్ట్-2లో "ఐఈఈఈ 802.3ఏడీ డైనమిక్ లింక్ అగ్రిగేషన్". హోస్ట్-3లో "లోడ్ బ్యాలెన్సింగ్ (ఎక్సార్)", హ్యాష్ పాలసీ లేయర్2. హోస్ట్-3 ఇన్‌స్టాల్‌కు వేరే కాన్ఫిగ్ ఫైలు వాడాం.

రెండో కార్డును "ఐపీ లింక్ సెట్ డౌన్" చేసి చూశాను. వెంటనే 14, 22కి ఐపీ వచ్చేసింది, 08కి పింగ్ కూడా పోతోంది.

తీగలాగు

దొరికింది. ఇప్పుడు స్విచ్ వైపు ఏం జరిగిందో ఊహించవచ్చు, వాళ్లతో సరిచూసుకోండి. వాళ్లు ఆ రెండు పోర్టులనూ పోర్ట్-ఛానెల్‌గా (స్విచ్ వైపు జట్టు), ఎల్‌ఏసీపీతో (రెండు వైపులా మాట్లాడుకుని జట్టు కట్టే పద్ధతి, 802.3ఏడీ మోడ్ వాడేది దీన్నే) కట్టారు. 300–399 జాబితా పోర్ట్-ఛానెల్ మీద రాశారు. వాళ్లు చూసేది దాన్నే, అక్కడ అంతా సరిగ్గానే ఉంది. కానీ హోస్ట్-3 ఎక్సార్ మోడ్‌లో ఉంది, ఎల్‌ఏసీపీ పలుకు పలకదు. అవతలి నుంచి ఎల్‌ఏసీపీ రాకపోతే స్విచ్ సెట్టింగును బట్టి పోర్టును నిలిపేస్తుంది, లేదా విడిపోర్టుగా వదిలేస్తుంది. మీ దగ్గర రెండో పద్ధతి నడుస్తోంది. విడిపోర్టు అయ్యాక దానికి సొంతంగా ఉన్న పాత కాన్ఫిగే అమలవుతుంది.

కాబట్టి అడగాల్సింది "వీల్యాన్ అనుమతించారా" అని కాదు. "ఆ రెండు పోర్టులూ ఇప్పుడు పోర్ట్-ఛానెల్‌లో సభ్యులుగా ఉన్నాయా, ఒక్కో పోర్టు మీద ఇప్పుడు అమల్లో ఉన్న ట్రంక్ జాబితా (అనుమతించిన వీల్యాన్లు) ఏమిటి" అని.

కొత్త_అడ్మిన్

అడిగాను. రెండు పోర్టులూ పోర్ట్-ఛానెల్ బయటే ఉన్నాయి. మొదటి పోర్టు మీద 300–399, రెండోదాని మీద 300–310 మాత్రమే. రెండోదానికి కూడా 311–399 చేర్చమంటే ఇప్పుడే చేస్తామంటున్నారు. చేయించేయనా?

నిదానం

వద్దు. అలా చేస్తే ఇప్పుడున్న సగం కూడా పాడవుతుంది.

ఎక్సార్ మోడ్‌కు స్విచ్ వైపు స్టాటిక్ గ్రూప్ తప్పనిసరి. విడివిడి పోర్టులుగా ఉంటే మీ వీఎమ్ బ్రాడ్‌కాస్ట్ మొదటి పోర్టులోకి వెళ్లి, స్విచ్ దాన్ని మిగతా పోర్టులన్నిటికీ పంచేటప్పుడు రెండో పోర్టు ద్వారా మీ హోస్ట్‌కే తిరిగి వస్తుంది. హోస్ట్ బ్రిడ్జి దాన్ని చూసి "ఈ మ్యాక్ బయట ఉంది కాబోలు" అని తన పట్టికలో వీనెట్ స్థానంలో బాండ్ వైపు రాసుకుంటుంది. ఆపైన ఆ వీఎమ్‌కు వచ్చే జవాబులు దారి తప్పుతాయి. వీఎమ్ మళ్లీ ఏదైనా పంపాక సర్దుకుంటాయి. వీల్యాన్ 304లో పింగ్ ఆగి ఆగి పోవడానికి కారణం ఇదే అయి ఉండాలి. 304 రెండు పోర్టుల జాబితాలోనూ ఉంది కదా. 312ను కాపాడుతున్నది రెండో పోర్టు దాన్ని పారేయడమే!

నిర్ధారించుకోవాలంటే 304 బ్రిడ్జి మీద "బ్రిడ్జ్ ఎఫ్‌డీబీ షో" పదేపదే కొట్టి, ఒక వీఎమ్ మ్యాక్ వీనెట్‌కూ బాండ్1.304కూ మధ్య గెంతుతోందేమో చూడండి. స్విచ్ లాగ్‌లో కూడా మ్యాక్ రెండు పోర్టుల మధ్య ఊగుతోందన్న ఫిర్యాదు ఉండొచ్చు.

ఇంకో జాగ్రత్త, ఎప్పటికైనా పనికొస్తుంది: చాలా స్విచ్‌లలో ట్రంక్ జాబితాకు వీల్యాన్ కలిపేటప్పుడు "యాడ్" అన్న మాట రాయకపోతే పాత జాబితా చెరిగిపోయి కొత్తదే మిగులుతుంది.

తీగలాగు

సరిచేసే పద్ధతి:

హోస్ట్-3ను మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టండి, వీఎమ్‌లు పక్క హోస్టులకు తరలిపోతాయి. లోకల్ స్టోరేజి మీద వీఎమ్‌లుంటే అవి కదలవని గుర్తుంచుకోండి. మిగతా రెండు హోస్టుల్లో మెమరీ సరిపోతుందా అన్నది ముందే చూసుకోండి. తర్వాత బాండ్1 మోడ్‌ను 802.3ఏడీకి మార్చండి, లింకును కనిపెట్టే వ్యవధి 100 మిల్లీసెకన్లు, ఎల్‌ఏసీపీ రేటు ఫాస్ట్. ఆ వ్యవధి 0గా ఉంటే తీగ ఊడినా బాండ్‌కు తెలియదు, ప్యాకెట్లను చచ్చిన కార్డులోకి పంపుతూనే ఉంటుంది.

స్విచ్ వైపు రెండు పోర్టులూ ఒకే గ్రూప్‌లో, యాక్టివ్‌గా. వీల్యాన్ జాబితా పోర్ట్-ఛానెల్ మీద రాయించి, విడిపోర్టుల మీది పాత వరుసలు తీసేయించండి. రెండు పోర్టులు రెండు వేర్వేరు స్విచ్‌లకు వెళుతుంటే ఆ స్విచ్‌లు ఎమ్‌ల్యాగ్‌లో (రెండు స్విచ్‌లు ఒకటిగా కనిపించే ఏర్పాటు) ఉండి తీరాలి. అది లేకపోతే 802.3ఏడీ వద్దు, యాక్టివ్-బ్యాకప్ (ఒక కార్డు పనిచేస్తుంటే రెండోది కాచుకుని ఉండేది) వాడండి. దానికి స్విచ్ వైపు గ్రూప్ ఏమీ అక్కర్లేదు.

ఆ తర్వాత /ప్రోక్/నెట్/బాండింగ్/బాండ్1 మళ్లీ చదవండి. రెండు కార్డులకూ అగ్రిగేటర్ ఐడీ ఒకటే ఉండాలి, పార్ట్‌నర్ మ్యాక్ అన్నీ సున్నాలు కాకూడదు. సున్నాలున్నాయంటే స్విచ్ ఇంకా జవాబివ్వడం లేదు. అది కుదిరాకే మెయింటెనెన్స్ రద్దు చేయండి. ఒక సరి మ్యాక్, ఒక బేసి మ్యాక్ వీఎమ్‌లను హోస్ట్-3కి తెచ్చి డీహెచ్‌సీపీ చూడండి. ఆపైన ఒక్కో కార్డును డౌన్ చేసి, ఎత్తి, మళ్లీ చూడండి.

ప్యాకెట్_పురుగు

రిడండెంట్ రూటర్ (వీఆర్‌లు రెండు, ఒకటి పోతే ఇంకోటి) వాడేవాళ్లకు ఒక మాట: ఇదే తప్పు ఉంటే రెండు వీఆర్‌లూ "ప్రైమరీ" అని చూపిస్తాయి. కీపలైవ్‌డీ (ప్రైమరీ ఎవరో తేల్చే సేవ) పంపే వీఆర్‌ఆర్‌పీ ప్రకటనలు 224.0.0.18కి, ఐపీ ప్రోటోకాల్ 112తో, గెస్ట్ వీల్యాన్ మీదే వెళతాయి. అవి అవతలికి చేరకపోతే బ్యాకప్ కూడా గేట్‌వే ఐపీ ఎత్తుకుంటుంది. యూఐలో రెండు ప్రైమరీలు కనిపిస్తే కీపలైవ్‌డీ జోలికి వెళ్లే ముందు రెండు హోస్టుల మధ్య ఆ వీల్యాన్ నడుస్తోందో లేదో చూడండి.

కొత్త_అడ్మిన్

మార్చాం. రెండు కార్డులకూ అగ్రిగేటర్ ఐడీ 1, పార్ట్‌నర్ మ్యాక్ వచ్చింది. నాలుగు వీఎమ్‌లకూ ఐపీ వచ్చింది, 304లో పింగ్ ఆగడమూ పోయింది.

ఇప్పుడు పరీక్ష కోసం కొత్త ఐసొలేటెడ్ నెట్‌వర్క్ చేశాను, డిఫాల్ట్ సోర్స్ నాట్ ఆఫరింగ్‌తోనే (ఆఫరింగ్ అంటే నెట్‌వర్క్ సేవల మూస). వీఎమ్‌కు ఐపీ వచ్చింది, గేట్‌వేకు పింగ్ పోతోంది, పేర్లు కూడా ఐపీలుగా మారుతున్నాయి. బయటికి మాత్రం ఏదీ పోవడం లేదు. వీఆర్ లోపలి నుంచి బయటికి పింగ్ పోతోంది.

కన్సోల్_పక్షి

ఈగ్రెస్ రూల్. ఈసారి పొరపాటు పడను!

డిఫాల్ట్ ఐసొలేటెడ్ ఆఫరింగ్‌లో బయటికి వెళ్లే ట్రాఫిక్ పాలసీ "డినై". మీరు తెరిచేదాకా వీఎమ్‌లు బయటికి పోలేవు. పేర్లు తెలుస్తున్నాయి కదా అని మోసపోకండి. డీఎన్ఎస్ జవాబిచ్చేది వీఆరే, దాని ట్రాఫిక్ వీఆర్ సొంతం, ఈగ్రెస్ రూల్ దాన్ని ఆపదు.

నెట్‌వర్క్ పేజీలో ఈగ్రెస్ రూల్స్‌లోకి వెళ్లి సోర్స్ సీఐడీఆర్ 10.1.1.0/24 (లేదా మీ కొత్త నెట్‌వర్క్‌ది), ప్రోటోకాల్ "ఆల్" ఇవ్వండి. వీఆర్‌లో ఎఫ్‌డబ్ల్యూ_ఈగ్రెస్_రూల్స్ చైన్ కౌంటర్లు పెరుగుతుంటే రూల్ తగులుతున్నట్టు. ఐపీటేబుల్స్‌లో చేత్తో రూల్ పెట్టి పని కానిచ్చేయకండి, వీఆర్ మళ్లీ పుట్టినప్పుడు అది ఉండదు. పాలసీ "అలౌ"గా ఉండాలంటే ఆఫరింగ్ తయారుచేసేటప్పుడే ఎంచుకోవాలి, ఉన్న ఆఫరింగ్‌లో తర్వాత మార్చలేరు. వీపీసీలో ఈ పేజీయే ఉండదు, అక్కడ అదంతా టియర్‌కు తగిలించిన ఏసీఎల్ (అనుమతుల జాబితా) పని.

తీగలాగు

దీనికి పక్కదే ఇంకొకటి. ఈగ్రెస్ సరిగ్గా ఉండి, వీఆర్ నుంచి కూడా బయటికి పోకపోతే, అది క్లీన్ అప్ చేసిన వెంటనే మొదలైతే, పై రూటర్ ఏఆర్‌పీ పట్టికను అనుమానించండి. పబ్లిక్ ఐపీ పాతదే, మ్యాక్ మారి ఉండొచ్చు. అలా అయితే పై రూటర్ పాత మ్యాక్‌నే పట్టుకుని ఉంటుంది. కొన్ని రూటర్లలో ఆ గడువు డిఫాల్ట్‌గా 4 గంటలు. సరిగ్గా 4 గంటలకు "దానంతట అదే బాగైంది" అంటే ఇదే.

వీఆర్ లేచేటప్పుడు తన ఐపీని తానే చాటుకుంటుంది గానీ, పబ్లిక్ వీల్యాన్‌లో పై రూటర్ అలాంటి చాటింపులను పట్టించుకోకపోతే లాభం లేదు. వీఆర్‌లో ఆర్పింగ్‌ను -యూ ఆప్షన్‌తో, ఈత్2 మీద, ఆ పబ్లిక్ ఐపీకి మూడుసార్లు కొట్టండి. అప్పటికీ కాకపోతే పై రూటర్‌లో ఆ ఒక్క వరుస చెరిపించండి. -యూ లేకుండా ఆర్పింగ్‌ను అదే పబ్లిక్ వీల్యాన్‌లోని వేరే యంత్రం నుంచి కొడితే, రెండు మ్యాక్‌లు జవాబిచ్చాయా, ఆ ఐపీ ఇంకెవరి దగ్గరో కూడా ఉన్నట్టు. పబ్లిక్ ఐపీ శ్రేణి ఇచ్చేటప్పుడు గేట్‌వేనో ఫైర్‌వాల్ ఐపీనో అందులో కలిపేయడం తరచుగా జరిగే తప్పు.

మూడో_షిఫ్ట్

వీల్యాన్ బదులు వీఎక్స్‌ల్యాన్ (గెస్ట్ ప్యాకెట్లను ఐపీ ప్యాకెట్లలో చుట్టి పంపేది) వాడేవాళ్ల సంగతి? పింగ్ పోతుంది, డీహెచ్‌సీపీ వస్తుంది. ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అయ్యాక పెద్ద జాబితా ఏదైనా తెరిస్తే బిగుసుకుపోతుంది, హెచ్‌టీటీపీఎస్ మొదలవదు. ఇంకో సంగతి, ఒక హోస్ట్ మీద ఇరవై నెట్‌వర్కుల దాకా బాగున్నాయి, తర్వాతవి వేరే హోస్ట్‌లోని వీఆర్‌ను చేరడం లేదు.

ప్యాకెట్_పురుగు

మొదటిది ఎమ్‌టీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు). వీఎక్స్‌ల్యాన్ కవరు 50 బైట్లు: లోపలి ఈథర్‌నెట్ 14, వీఎక్స్‌ల్యాన్ 8, యూడీపీ 8, బయటి ఐపీ 20. కింది తీగ 1500 మాత్రమే మోస్తే లోపల 1450 దాటకూడదు. చిన్న ప్యాకెట్లు పోతాయి, నిండు ప్యాకెట్లు పోవు, అందుకే పింగ్ మిమ్మల్ని మోసం చేసింది. వీఎమ్ నుంచి వేరే హోస్ట్‌లోని వీఎమ్‌కు పింగ్‌ను "-ఎమ్ డు -ఎస్ 1472"తో కొట్టండి, పోదు. 1422తో కొట్టండి, పోతుంది. రెంటికీ తేడా సరిగ్గా 50. పింగ్ సైజుకు ఐసీఎంపీ 8, ఐపీ 20 కలిపి చూస్తే 1500, 1450 వస్తాయి.

మందు: కింది కార్డులు, బాండ్, స్విచ్ పోర్టులు అన్నిటి ఎమ్‌టీయూ కనీసం 1550కి పెంచండి. 1600 లేదా 9000 పెట్టేస్తే మళ్లీ చూడనక్కర్లేదు. దారిలో ఒక్క పోర్టు మరిచినా అదే జబ్బు. స్విచ్‌లు మీ చేతిలో లేకపోతే లోపల 1450కి దించాలి. 4.18 నుంచి నెట్‌వర్క్ చేసేటప్పుడు వీఆర్ కార్డుల ఎమ్‌టీయూ ఇవ్వవచ్చు. వీఎమ్‌లలో కూడా దించారో లేదో విడిగా చూసుకోండి.

రెండోది అందమైన లెక్క. మల్టీకాస్ట్‌తో నడిచే వీఎక్స్‌ల్యాన్‌లో ఒక్కో నెట్‌వర్క్‌కు హోస్ట్ ఒక్కో మల్టీకాస్ట్ గుంపులో చేరుతుంది. లినక్స్‌లో "నెట్.ఐపీవీ4.ఐజీఎంపీ_మ్యాక్స్_మెంబర్‌షిప్స్" డిఫాల్ట్ 20. ఇరవై ఒకటోదానికి చోటు లేదు. అన్ని హోస్టుల్లోనూ సిస్‌సీటీఎల్‌లో (కెర్నల్ సెట్టింగులు) 200కు పెంచి, రీబూట్ తర్వాతా నిలిచేలా ఫైల్లో రాయండి.

కన్సోల్_పక్షి

నాదీ ఒకటి ఉంది. వీఆర్ "స్టార్టింగ్"లోనే చాలాసేపు ఉండి తర్వాత ఆగిపోతుంది, అదీ ఒక హోస్ట్ మీదే. వర్ష్ కన్సోల్‌లో చూస్తే వీఆర్ పూర్తిగా బూట్ అయింది, లాగిన్ ప్రాంప్ట్ కూడా ఉంది.

నిదానం

వీఆర్ లేచింది గానీ ఏజెంట్ (హోస్ట్ మీద నడిచే క్లౌడ్‌స్టాక్ సేవ) దాన్ని పలకరించలేకపోయింది. ఏజెంట్ హోస్ట్ మీది క్లౌడ్0 బ్రిడ్జి ద్వారా వీఆర్ పోర్ట్ 3922కి ఎస్ఎస్‌హెచ్‌తో వెళుతుంది, ఆ దారి లేకపోతే ఎదురుచూసి చంపేస్తుంది. మూడు చూడండి.

క్లౌడ్0కు 169.254.0.1/16 ఉందా. వీఆర్ ఆడుతున్న ఆ కాస్త సమయంలోనే దాని లింక్-లోకల్ ఐపీకి "ఐపీ రూట్ గెట్" కొడితే దారి క్లౌడ్0 అని వస్తోందా. కొన్ని హోస్టుల్లో జీరోకాన్ఫ్ (దానంతట అదే పడే లింక్-లోకల్) రూట్ వల్ల 169.254.0.0/16 మొత్తం వేరే కార్డు వైపు పోతుంది. మూడోది, /వార్/లాగ్/క్లౌడ్‌స్టాక్/ఏజెంట్/ఏజెంట్.లాగ్‌లో వీఆర్ పేరుతో వెతికితే ఏ మెట్టు దగ్గర ఆగిందో ఉంటుంది.

కార్డు పేరు కూడా చూడండి. లినక్స్‌లో ఇంటర్‌ఫేస్ పేరు 15 అక్షరాలు దాటకూడదు. కొత్త కార్డులకు 13 అక్షరాల పొడవాటి పేర్లు వస్తున్నాయి. దానికి ముందు "బీఆర్", వెనక గీత, మూడంకెల వీల్యాన్ చేరిస్తే 19. బ్రిడ్జి పుట్టదు, ఆ హోస్ట్ మీద వీఆర్ ఆడదు. ఒక్క కార్డే ఉన్నా దాన్ని బాండ్0లో పెట్టేస్తే పేరు గొడవ తీరుతుంది. సొంత పేర్లు కనిపెట్టకండి, ఏజెంట్ ఈత్, బాండ్, టీమ్, ఈఎన్ లాంటివాటితో మొదలయ్యే మామూలు పేర్లనే కార్డుగా గుర్తుపడుతుంది.

తీగలాగు

ఆ హోస్ట్ మీద డాకర్ (కంటైనర్లు నడిపేది) ఉందా? డాకర్ ఫార్వర్డ్ చైన్ పాలసీని "డ్రాప్" చేస్తుంది. బ్రిడ్జి-నెట్‌ఫిల్టర్ మాడ్యూల్ (బ్రిడ్జి ప్యాకెట్లను ఐపీటేబుల్స్‌కు చూపేది) కూడా ఎక్కి ఉంటే బ్రిడ్జిలో ఒక వీనెట్ నుంచి ఇంకో వీనెట్‌కు పోయే ప్యాకెట్లు కూడా ఆ చైన్‌లో పడి చస్తాయి. వీనెట్‌లో డిస్కవర్ ఉంటుంది, బాండ్1.312లో ఉండదు, నేను పైన చెప్పిన రెండో మెట్టు. ఫార్వర్డ్ చైన్ డ్రాప్ కౌంటర్ పెరుగుతుంటే ఖాయం.

"నెట్.బ్రిడ్జ్.బ్రిడ్జ్-ఎన్ఎఫ్-కాల్-ఐపీటేబుల్స్"ను 0 చేస్తే తీరుతుంది, కానీ సెక్యూరిటీ గ్రూపులున్న జోన్‌లో అలా చేయకండి. వాటి రూల్స్ పనిచేసేది ఆ 1 ఉన్నప్పుడే, 0 చేస్తే వీఎమ్‌లన్నీ బార్లా తెరుచుకుంటాయి. హోస్ట్ మీద డాకర్ తీసేయడమే మేలు.

కన్సోల్_పక్షి

డాకర్ లేదు. "ఐపీ రూట్ గెట్" మేనేజ్‌మెంట్ కార్డు వైపు చూపించింది. ఆ రూట్ తీసేసి ఏజెంట్ రీస్టార్ట్ చేశాక వీఆర్ లేచింది. రెడ్‌హ్యాట్ జాతి పాత హోస్ట్ కాబట్టి /ఈటీసీ/సిస్‌కాన్ఫిగ్/నెట్‌వర్క్‌లో నోజీరోకాన్ఫ్=యెస్ రాశాను, రీబూట్ తర్వాత కూడా నిలిచింది.

కొత్త_అడ్మిన్

ఈగ్రెస్ రూల్ పెట్టాక బయటికి పోతోంది. చివరి ప్రశ్న: 802.3ఏడీలో కూడా హ్యాష్ పాలసీ లేయర్2నే ఉంది. మార్చాలా?

ప్యాకెట్_పురుగు

మార్చకపోయినా కనెక్టివిటీ తెగదు. కాకపోతే బయటికి పోయే ట్రాఫిక్ అంతా పై రూటర్ మ్యాక్ ఒక్కదానికే కాబట్టి, ఒక వీఆర్ ఎప్పుడూ ఒకే కార్డును పట్టుకుంటుంది. లేయర్2+3 పెట్టండి, ఐపీలు కూడా లెక్కలోకి వస్తాయి, పంపకం మెరుగవుతుంది. లేయర్3+4 ఇంకా బాగా పంచుతుంది గానీ ముక్కలైన ప్యాకెట్లకు పోర్ట్ నంబరు ఉండదు కాబట్టి ఒకే ప్రవాహంలోవి రెండు కార్డుల్లో పోయి వరుస తప్పవచ్చు, 802.3ఏడీ నియమానికి అది పూర్తిగా ఒప్పదు. ఏది పెట్టినా మూడు హోస్టుల్లోనూ ఒకటే పెట్టండి.